అక్రోటు మంచం పట్టె

ముందుగా ఒక మాట. నేను అక్షరాలు దిద్దుకున్నది అరవై రెండో ఏట. ఒత్తులు ఇప్పటికీ నా మాట వినవు. ఒకటి కింద పెడితే ఇంకోటి పక్కకు జారిపోతుంది. ఒక్క కాగితం నింపడానికి నాకు రెండు రోజులు పడుతుంది, అందులో సగం కొట్టివేతలే. తప్పులు కనపడితే ఓపిక పట్టి ముందుకు చదవండి. జరిగింది మాత్రం ఉన్నదున్నట్టు రాశాను. ఇందులో వచ్చే పెద్దామె మనసులో అనుకున్నవన్నీ తర్వాత ఆవిడ నోటి నుంచి విన్నవే.

మేస్త్రీ కార్ఖానా అంటే ఇంటి వెనక రెండు గదులు. మొదటి గదిలో లేత్ మెషీను, రంపం, కిటికీ కింద జిగురు బల్ల. రెండో గదిలో దూలం పొడవునా మేకులు కొట్టి, మేకుకొక చెక్క కడ్డీని దారంతో వేలాడదీసేవాళ్ళు. చూసుకోకుండా వెళ్ళినవాళ్ళ నుదుటికి ఒకటి టక్కున తగిలేది. ఆ కడ్డీలన్నీ బల్ల మీద బంతులు కొట్టి ఆడే పూల్ ఆట కర్రలు కావలసినవి. ఒక్కసారిగా సన్నం చేస్తే చెక్క అలుగుతుంది, వంకర తిరుగుతుంది. అందుకని లేత్ మీద కాస్త చెక్కి, రెండు నెలలు వేలాడదీసి, దాని కోపం తగ్గాక మళ్ళీ కాస్త చెక్కేవాడు మేస్త్రీ. ఒక కర్రకు ఏడాది పట్టేది. తొందరపడేవాళ్ళకు దుకాణంలో దొరికేవి కొనుక్కోమని చెప్పి పంపేవాడు.

పూల్ కర్ర చూడ్డానికి ఒక్కటే గానీ, నడుమ మరతో కలిపే రెండు ముక్కలది. బంతిని తాకే సన్నటి ముక్క మేపుల్ అనే గట్టి చెక్క. చేత్తో పట్టుకునే లావు ముక్కలోనే అందమంతా. దానికి మేస్త్రీ ఇష్టపడేది అక్రోటు. ఇప్పటివాళ్ళు వాల్‌నట్ అంటారు. గోధుమ రంగు మీద నల్లటి చారలు పారి ఉంటాయి. పట్టుకుంటే ఏ కాలంలోనూ చల్లగా తగలదు, మనిషి చెయ్యి పట్టుకున్నట్టే ఉంటుంది. కానీ కాస్త మెత్తన. గట్టిగా కొట్టిన దెబ్బ దానిలో నీరసించిపోతుంది. అందుకని నడుమ పొడవునా బెజ్జం తొలిచి, మేపుల్ కడ్డీని జిగురు పెట్టి దించేవాడు. పైకి అక్రోటు, లోపల వెన్నెముక వేరే.

ఊళ్ళో కర్రలు చేసేవాళ్ళు ఇంకా ఇద్దరు ముగ్గురు ఉన్నారు. జనం మాత్రం ఈయన దగ్గరికే రావడానికి కారణం ఆయన ముక్కు. చెక్క ఎవరు తెచ్చినా సరే, మేస్త్రీ చాకుతో ఒక సన్నటి చుట్ట తీసి, గుప్పిట్లో నలిపి, దాని మీద ఒకసారి ఊపిరి వదిలి, కళ్ళు మూసుకుని వాసన పీల్చేవాడు. తర్వాత తీర్పు చెప్పేవాడు. దీనికి రంగు కోసం ఆవిరి పట్టారు, దీని లోపల బూజు ఉంది, ఇది అక్రోటే కాదు, రంగు పూసిన ఇంకేదో. తీర్పు తప్పింది లేదు. ఆటగాళ్ళు ఆ తమాషా చూడ్డానికి స్నేహితుల్ని వెంటబెట్టుకుని వచ్చేవాళ్ళు. ముక్కు మేస్త్రీ అనే పేరు అలా వచ్చింది. కార్ఖానా మొత్తం ఆ పేరు మీదే నిలబడి ఉండేది.

నేను చెప్పబోయే మంచం పట్టె వచ్చేనాటికి ఆ ముక్కు పనిచేయడం మానేసి మూడేళ్ళు.

ఒక పెద్ద జ్వరం వచ్చి తగ్గింది. తగ్గాక వాసన తిరిగి రాలేదు. ఆయన ఎవరికీ చెప్పలేదు, కట్టుకున్న పెళ్ళానికి కూడా. కనిపెట్టింది పెద్దామె, అంటే ఆయన వదిన. ఒకరోజు స్టవ్వు మీద జిగురు గిన్నె మాడి గది నిండా పొగ కమ్ముతుంటే, దానికి వీపు పెట్టి కూర్చున్న మేస్త్రీ హాయిగా కర్రకు గరుకు కాగితం రుద్దుతున్నాడు. పెద్దామె గిన్నె దించి, ఆయన ఎదురుగా వచ్చి కూర్చుంది.

"ఎన్నాళ్ళయింది అబ్బాయ్?"

"ఏం ఎన్నాళ్ళు?"

"నాతోనా దాపరికం?"

మేస్త్రీ కాగితం పక్కన పెట్టాడు. "జ్వరం నుంచి. ఎవరితో అనకు వదినా. తెలిస్తే ఒక్కడు గడప తొక్కడు."

పెద్దామె ఎవరితోనూ అనలేదు. అనకపోవడమే కాదు, ఆ రోజు నుంచి ఆయనకు ముక్కయింది. చెక్క తెచ్చినవాళ్ళు వచ్చినప్పుడు గుడ్డ పట్టుకుని ఆయన వెనకే ఏదో తుడుస్తూ నిలబడేది. మేస్త్రీ చుట్ట నలిపి, వాసన చూసినట్టు చూసి, ఆ చెయ్యి వెనక్కి వదిలేవాడు. పెద్దామె వంగి ఏదో తీస్తున్నట్టు తీసి, వాసన పట్టి, బాగోలేకపోతే ఒక్కసారి దగ్గేది. బాగుంటే ఊరుకునేది. ఒక చలికాలం ఆమెకు నిజంగానే దగ్గు పట్టుకుంది. ఆ వారంలో మూడు బంగారం లాంటి చెక్కలు తిరిగి వెళ్ళిపోయాయి. ఇద్దరూ తర్వాత దాని గురించి కడుపు పట్టుకుని నవ్వుకున్నారు.

పెద్దామెకు అక్రోటు వాసన భర్త దగ్గర పట్టుబడింది. ఈ కార్ఖానా పెట్టింది ఆయనే. మేస్త్రీ ఆయనకు తమ్ముడు, పని అన్న చేతి కిందే నేర్చుకున్నాడు. పెద్దాయన ఒక పక్క పడిపోయి నాలుగేళ్ళు మంచం మీద ఉన్నాడు. ఆ నాలుగేళ్ళూ తుడిచిందీ, కడిగిందీ, పక్కకు తిప్పి పడుకోబెట్టిందీ పెద్దామె ఒక్కతే. తమ్ముడు రోజూ వచ్చేవాడు. వచ్చి గుమ్మంలో నిలబడి, "అన్నయ్యకెలా ఉంది వదినా" అని అడిగి, కొంగో తువ్వాలో ముక్కుకు అడ్డం పెట్టుకున్న మనిషిలా గబగబా వెళ్ళిపోయేవాడు. ఆమె తప్పు పట్టలేదు. అందరి కడుపూ ఒకలా ఉండదు అనుకుంది.

భర్త పోయాక ఆమెకు ఒక జబ్బు మిగిలింది. ఆ రోగి పక్కబట్టల వాసన తన చేతుల్లో ఉండిపోయిందని అనుమానం. నీళ్ళు తాగబోతే గ్లాసులో వాసన, జడ అల్లుకుంటుంటే జుట్టులో వాసన. రోజుకు పదిసార్లు సబ్బుతో రుద్దుకునేది. వేళ్ళ కణుపులు పగిలి గీతలు పడేవి. తోడికోడలు చిన్నామె, అంటే మేస్త్రీ పెళ్ళాం, నోటి దురుసు మనిషి.

"అక్కా, సబ్బు నీ చేతుల్ని తింటోందో, నీ చేతులు సబ్బును తింటున్నాయో నాకు అంతుపట్టట్లేదు. ఎవరో ఒకళ్ళు కడుపు నిండి లేస్తే బాగుండు," అనేది.

"నీకు రావట్లేదా వాసన?"

"వస్తోంది. సబ్బు వాసన. నీ పక్కన కూర్చుంటే చాకిరేవులో కూర్చున్నట్టుంది."

పెద్దామె నవ్వేది. నవ్వి, మళ్ళీ వెళ్ళి చేతులు కడుక్కునేది.

సెంటు బాబు వచ్చిన రోజు జరిగిన పొరపాటుకు ఈ జబ్బే కారణం.

ఆయన అసలు పేరు మాకెందుకు. ఆయన వీధి మలుపు తిరగకముందే సెంటు వాసన గుమ్మంలోకి వచ్చి కూర్చునేది, అందుకని చిన్నామె పెట్టిన పేరు అది. పెద్ద ఇల్లు, ఇంట్లో ఆట కోసమే ఒక హాలు, నడుమ ఆకుపచ్చ గుడ్డ పరిచిన బల్ల. అప్పటికే మేస్త్రీ చేతి కర్రలు రెండు ఉన్నాయి. ఈసారి డ్రైవరు చేత ఆరడుగుల మంచం పట్టె ఒకటి మోయించుకొచ్చాడు. మందంగా కొత్త వార్నిష్ పూసి ఉంది, అద్దంలా మెరుస్తోంది.

"మా అమ్మ మంచంది, మేస్త్రీ. అక్రోటు. మా తాత చేయించింది. అమ్మ పోయి ఏడు నెలలు. ఆవిడ చివరి ఊపిరి దాకా దీని మీదే ఉంది." పట్టె మీద చెయ్యి వేశాడు. "దీనితో నాకొక కర్ర కావాలి. ఆడుతుంటే అమ్మ చెయ్యి పట్టుకున్నట్టుండాలి. పైన వార్నిష్ వద్దు, లక్క వద్దు. ఉత్త నూనె రుద్దు. చెక్క నా చేతికి తగలాలి."

"అలాగే బాబుగారూ."

"ఇంకోటి. అంచు మీద గీతలు పడి ఉన్నాయి చూడు, పాతకాలందని తెలుస్తుంది. అవి పోకూడదు."

"చెక్కితే పోతాయి బాబుగారూ, ఎంత లోతని."

"పోతే మళ్ళీ గీయి. నీకు చెప్పాలా."

మేస్త్రీ చాకు తీశాడు. వార్నిష్ గీకి, ఒక చుట్ట తీసి, నలిపి, కళ్ళు మూసుకుని పీల్చి, చెయ్యి వెనక్కి వదిలాడు. పెద్దామె అందుకుంది. అక్రోటు వాసన వచ్చింది, వేయించిన గింజలదీ కాస్త చేదుదీ. సెంటు వచ్చింది. వాటి అడుగున, సన్నగా, ఆ వాసన.

 నా చేతులే, అనుకుంది. ఆయన పోయి అయిదేళ్ళు గడిచినా వదల్లేదు, ఇప్పుడు జనం చెక్కలకు కూడా అంటిస్తున్నాను, అనుకుంది. దగ్గలేదు. చుట్టను పొట్టు బుట్టలో వేసి, ఎవరి వంకా చూడకుండా పెరట్లోకి వెళ్ళి సబ్బు అందుకుంది.

వెనక నుంచి మేస్త్రీ గొంతు వినపడింది. "మేలైన చెక్క బాబుగారూ. ఇలాంటిది ఈ మధ్య చూడలేదు."

రెండు రోజుల తర్వాత మేస్త్రీ పట్టె కాళ్ళ వైపు నుంచి ఒక ముక్క కోసి, లేత్ మీద బిగించాడు. వార్నిష్ పోయి, పలకలు పోయి, కడ్డీ గుండ్రమవుతుంటే పొట్టు చుట్టలు చుట్టలుగా రాలింది. చెక్క వేడెక్కింది. మేస్త్రీ నోట్లో ఏదో కూనిరాగం తీస్తూ చెక్కుతూనే ఉన్నాడు.

వంటింట్లోంచి చిన్నామె గరిటెతో సహా వచ్చింది. ముక్కు మూసుకుని ఉంది.

"ఏంటీ కంపు? ఏ పిల్లి చచ్చింది ఇక్కడ?"

"ఏ కంపు?" అన్నాడు మేస్త్రీ. అనేశాక తెలిసింది ఏం అన్నాడో. లేత్ ఆపాడు.

"ఏ కంపా? నెలల తరబడి ఉచ్చ ఇంకిన గోనె తెచ్చి పొయ్యిలో పెట్టినట్టుంటే ఏ కంపని అడుగుతారేంటండీ. ముక్కు మేస్త్రీ అట. మీ ముక్కు ఎక్కడ పారేసుకున్నారు?"

మూలన కర్ర పిడికి నూలు చుడుతున్న పెద్దామె లేచి నిలబడింది. "నీకూ వస్తోందా?"

"వీధి చివరి దాకా వస్తోందక్కా."

పెద్దామె లేత్ దగ్గరికి వచ్చి, వెచ్చగా ఉన్న కడ్డీ మీద ముక్కు ఆనించింది. ఇక అనుమానం లేదు. ఒక రోజుదీ, వారానిదీ కాదు. పరుపులోంచి దిగి, పట్టె మీద చేరి, ఎండకుండానే మళ్ళీ దిగి, నెలలు నెలలు చెక్క నరాల్లోకి ఇంకినది. తుడిచే చెయ్యి లేకపోతేనే అలా ఇంకుతుంది.  నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా ముక్కు మూసుకోని మనిషి, గోడ పట్టుకుని బయటికి వెళ్ళి కక్కుకుంది.

ముఖం కడుక్కుని వచ్చి, నేరుగా పై గదికి వెళ్ళింది. భర్త పడుకున్న మంచం అక్కడే ఉంది, ఆమె ఇప్పుడు దాని మీదే పడుకుంటోంది. పరుపు ఎత్తి, మోకాళ్ళ మీద కూర్చుని, పట్టె పొడవునా వాసన చూసింది. చెక్క వాసన, సబ్బు వాసన. అంతే. ఆమె తన అరచేతులు కూడా వాసన చూసుకుంది. అలా కాసేపు నేల మీదే కూర్చుంది. మనసు తేలికపడాలి, పడింది కూడా. కానీ ఆ తేలికను అనుభవించనివ్వకుండా కింద నుంచి ఆ కంపు మెట్లెక్కి వస్తోంది.

దిగి వచ్చి మిగిలిన పట్టె దగ్గర కూర్చుంది. చాకు తీసుకుని వార్నిష్ గీకింది. సెంటు బాబు ముచ్చటపడ్డ గీతలు వార్నిష్ కింద నుంచి స్పష్టంగా బయటపడ్డాయి. రెండు చోట్ల ఉన్నాయి. చెయ్యి చాపితే మణికట్టు వచ్చే చోట ఒకటి, కాళ్ళ వైపు కోసిన ముక్కకు ఆనుకుని ఇంకోటి. పై అంచున, కింది అంచున చిటికెన వేలు దూరేంత గాడి, లోపల నున్నగా. తాడు అదే చోట కట్టి, అదే చోట లాగగా లాగగా పడే గాడి. చేతి గాడికి ఇటూ అటూ పట్టె లోపలి వైపు నాలుగేసి సన్నటి గీతలు, మళ్ళీ నాలుగు, మళ్ళీ నాలుగు. పెద్దామె తన నాలుగు వేళ్ళు వాటి మీద పెట్టి చూసుకుంది. గోళ్ళు సరిగ్గా వాటిలో దిగాయి. దెబ్బకు చెయ్యి వెనక్కి తీసుకుంది.

"అబ్బాయ్, ఇలా రా. చూడు."

మేస్త్రీ వంగి చూశాడు. చెక్కతో బతికేవాడు, చెక్క మీద ఏ గాడి దేనివల్ల పడుతుందో ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు. 

"నువ్వు ఎందుకు దగ్గలేదు వదినా?"

"నా చేతులనుకున్నాను."

ఆయన నిట్టూర్చి, నెత్తి గోక్కున్నాడు. "మేలైన చెక్క అని నోటితో చెప్పేశాను. డ్రైవరు కూడా విన్నాడు. ఇప్పుడు కంపు కొడుతోందని తిప్పి పంపితే, మరి ఆ రోజు నీ ముక్కు ఏమైందంటాడు. నాలుగు రోజుల్లో ఊరంతా తెలుస్తుంది." గొంతు తగ్గించాడు. "నూనె కాదు, లక్క వేద్దాం. మూడు పూతలు వేస్తే ఏ వాసనా బయటికి రాదు, నీకు తెలుసుగా. ఆయన్ని నేను ఒప్పిస్తాను. నువ్వు లక్క రుద్దు. చాలు, గండం గడుస్తుంది."

"నేను ఆ చెక్కను ముట్టుకోను."

"వదినా, పేరు పోతుంది."

"మీ అన్నయ్య మంచం మీద ఉన్నప్పుడు గుమ్మం దాకానే వచ్చిన ముక్కు నీది. అప్పుడు నేనేం అనలేదు. ఇప్పుడు ఈ కంపు మీద లక్క పూసి, దాని మీద నీ పేరు నిలబెట్టమంటున్నావు. పైగా నా చేత్తో."

మేస్త్రీ ముఖం కందగడ్డయింది. పొట్టు ఊడవడం మొదలుపెట్టాడు. ఊడ్చిన పొట్టును ఎక్కడ వెయ్యాలో కూడా తెలియలేదు. పొయ్యిలో వెయ్యనంది చిన్నామె. వాకిట్లో పోస్తే పక్కింటివాళ్ళు తలుపులు వేసుకున్నారు. చివరికి ఊరి బయట పెంట మీద పారబోసి వచ్చాడు.

ఆ రెండు వారాలూ ఇంట్లో ముభావమే. వండినది ఎవరికీ రుచించలేదు. చిన్నామెకు మొగుడి ముక్కు సంగతి అప్పుడే తెలిసింది. తెలిసి ఒకరోజు ఏడ్చింది, రెండో రోజు, "మూడేళ్ళుగా నా వంట మెచ్చుకున్నది అంతా నాటకమే అన్నమాట," అని సాధించింది.

మూడో వారంలో సెంటు బాబు పని చూసుకోవడానికి వచ్చాడు. డ్రైవరు కారు దగ్గరే ఉన్నాడు. బాబు లోపలికి వచ్చి, పీట మీద కూర్చుని, వెనక గదిలో దూలానికి వేలాడుతున్న కడ్డీని చూసి కళ్ళు ఒత్తుకున్నాడు.

"మూడేళ్ళు మంచం మీద ఉంది, మేస్త్రీ. కన్నబిడ్డను చూసుకున్నట్టు చూసుకున్నాను. మా వాళ్ళంతా అంటారు, ఇలాంటి కొడుకు ఉండడని. ఈ కర్ర చూపించి, వచ్చినవాళ్ళందరికీ మా అమ్మ గురించి చెప్తాను."

పెద్దామె గుడ్డ పట్టుకుని వెనకే నిలబడి ఉంది. మామూలుగా ఆ చోటు నుంచి ఆమె నోరు విప్పదు. ఆ రోజు విప్పింది.

"అమ్మగారికి పక్కబట్టలు ఎవరు మార్చేవాళ్ళు బాబూ?"

ఆయన తల తిప్పి చూశాడు, గుడ్డ పట్టుకున్న మనిషి మాట్లాడుతుందని తెలియనట్టు. "మనుషుల్ని పెట్టాను పెద్దమ్మా. ఇద్దర్ని."

"రోజూ వచ్చేవాళ్ళా?"

"వస్తారు, రారు. పనివాళ్ళ సంగతి తెలిసిందేగా. మధ్యలో కొన్నాళ్ళు ఎవరూ దొరకలేదు కూడా."

"కట్టేది ఎవరు?"

"కట్టడమేంటి?" అని, పట్టె వైపు చూసి, సర్దుకున్నాడు. "ఓ, అదా. మంచం మీంచి దిగిపోయేది. పడితే ఎముకలు విరుగుతాయని. ఆవిడ మంచికే. మెత్తటి గుడ్డతోనే."

"మెత్తటి గుడ్డ అక్రోటును కొయ్యదు బాబూ."

మేస్త్రీ లేచాడు. "వదినా, నువ్వు లోపలికి వెళ్ళు. బాబుగారూ, లక్క వేస్తే మెరుపు బాగా..."

పెద్దామె లోపలికి వెళ్ళలేదు. వెనక గదిలోకి వెళ్ళి ఆ కడ్డీని మేకు మీంచి తీసింది. ముట్టుకోనన్న మనిషి ముట్టుకుంది. గరుకు కాగితం చుట్టి, అది వేడెక్కేదాకా గట్టిగా నాలుగుసార్లు రుద్ది, తెచ్చి బాబు చేతిలో పెట్టింది.

"అమ్మ చెయ్యి పట్టుకున్నట్టుండాలన్నారు. పట్టుకోండి. కాసేపు గట్టిగా పట్టుకోండి."

ఆయన పట్టుకున్నాడు. ఆట ఆడేవాడిలా పిడి చుట్టూ వేళ్ళు బిగించి, ముందుకూ వెనక్కూ ఆడించాడు. గది నిండా సెంటు ఉంది. సెంటును తోసుకుని అది నెమ్మదిగా పైకి వచ్చింది. ఆయన ముక్కు ముడతలు పడింది. చెయ్యి తెరిచి, అరచేతిని ముఖం దగ్గరికి తెచ్చుకుని చూశాడు. ఆ వాసన ఏ గదిదో, ఏ తలుపు వెనకదో ఆయనకు తెలుసు. ఆ తలుపు దాటి ఆయన ఎప్పుడు వెళ్ళాడో, ఎంతసేపు నిలబడ్డాడో అంతా ఒక్క క్షణం ఆ ముఖంలో కనపడింది. ఏడుస్తాడేమో అనుకుంది పెద్దామె. ఏడిస్తే ఏం చెయ్యాలో కూడా ఆలోచించుకుంది, మంచినీళ్ళు ఇవ్వాలనుకుంది.

ఆయన ఏడవలేదు. కడ్డీని బల్ల మీద పడేసి, జేబురుమాలు తీసి, ఒక్కో వేలూ తుడుచుకున్నాడు. రుమాలును పొట్టు బుట్టలోకి విసిరాడు.

"మేస్త్రీ, నువ్వు వాసన చూసి మేలైన చెక్క అన్నావే."

 బాబు ఆయన్ని చూశాడు, వెనక ఉన్న పెద్దామెను చూశాడు, మళ్ళీ ఆయన్ని చూశాడు. బుర్ర ఉన్న మనిషే.

"అదా సంగతి. నీకు ముక్కు లేదు. ఈవిడ చెప్తే నువ్వు చెప్తావు." చిన్నగా నవ్వాడు. "పోనీలే. నేను ఎవరితోనూ అనను. నీ పేరు నీకుంటుంది. నువ్వు నాకొక పని చేసిపెట్టు. ఆ పైన వేలాడే వాటిలో మంచి అక్రోటు ఒకటి చూసి, కర్ర చేసెయ్యి. మా అమ్మ మంచానిదే అని చెప్తాను, ఎవరికి తెలుస్తుంది. పిడి మొదట్లో ఆ గీతలు కూడా గీయి, అచ్చం అలాగే. అవి బాగున్నాయి."

 వంటింటి గుమ్మంలో చిన్నామె నిలబడి ఉంది, చేతిలో పిండి ఆరిపోతోంది.

మేస్త్రీ చేసింది చూసి చిన్నామెకు మొదట ఒళ్ళు మండింది. ఆయన ఎప్పటిలాగే బల్ల మీద ఉన్న పొట్టు చుట్ట ఒకటి తీసి, గుప్పిట్లో నలిపి, ఊపిరి వదిలి, కళ్ళు మూసుకుని పీల్చాడు. చెయ్యి వెనక్కి వదిలాడు. అలవాటుగా చేశాడో, కావాలని చేశాడో ఆయన తర్వాత కూడా చెప్పలేదు.

పెద్దామె వంగి ఆ చుట్టను అందుకోలేదు. నిలబడ్డ చోటే నిలబడి, ఒక్కసారి దగ్గింది.

మేస్త్రీ కళ్ళు తెరిచాడు.

"కుదరదు బాబుగారూ."

"ఏం కుదరదు?"

"మా వదినకు బాగోలేదంట. ఆవిడకు బాగోలేకపోతే నాకూ బాగోలేనట్టే. మూడేళ్ళుగా అంతే. ఎవరికి చెప్పుకుంటారో చెప్పుకోండి."

"ఆలోచించుకో మేస్త్రీ. రేపటి నుంచి నీ గడప తొక్కేవాడు ఉండడు."

"మీరు ముందు గడప దిగండి. మీ పట్టె తీసుకెళ్ళండి."

ఆయన పట్టె తీసుకెళ్ళలేదు. కారు వెళ్ళిపోయాక గుమ్మంలో సెంటు కాసేపు ఉంది. చిన్నామె బకెట్టు తెచ్చి గది మొత్తం కడిగింది.

ఆయన అన్నంత పనీ చేశాడు. నెల తిరక్కుండా ఆడేచోట్లన్నిటా ఇదే మాట. ముక్కు మేస్త్రీ కాస్తా మొద్దుముక్కు మేస్త్రీ అయ్యాడు. ఒకడు పరీక్ష పెడతానని కుళ్ళిన గుడ్డు జేబులో పెట్టుకుని వచ్చి, మేస్త్రీ పక్కన కూర్చుని, అది జేబులోనే పగిలి, వచ్చిన దారినే పోయాడు. రావలసినవాళ్ళలో సగం మంది రాలేదు. మిగిలినవాళ్ళు వచ్చారు. పెద్దామె ఇక వెనక నిలబడలేదు. ముందు గదిలో పీట వేసుకుని కూర్చుని, చెక్క తానే అందుకుని, తానే నలిపి, నోటితోనే చెప్పేది. మేస్త్రీ పక్కన నిలబడి తల ఊపేవాడు. పగిలిన ఆమె వేళ్ళు ఆ ఏడాదిలో మానాయి. సబ్బు ఒకటి ఎక్కువ రోజులే వచ్చింది.

పట్టె మాత్రం ఒక పీడయింది. కాల్చలేము, కాలిస్తే వీధి పారిపోతుంది. దాన్ని దేనికీ వాడలేము. పారేద్దామని మేస్త్రీ రెండుసార్లు భుజాన వేసుకుని బయల్దేరి, గోళ్ళ గీతలున్న వైపు చెయ్యి పడి, తిరిగి తెచ్చేశాడు. ఒక ఆదివారం పెద్దామె దాన్ని పెరట్లో రాతి మీద వేసి, గోరువెచ్చటి నీళ్ళతో, సబ్బుతో, మనిషి ఒళ్ళు తోమినట్టు నెమ్మదిగా తోమింది. గాళ్ళలో వేలు పెట్టి తోమింది. ఎండలో వారం ఉంచింది. వాసన తగ్గింది గానీ పోలేదు. చివరికి పెరటి గోడకు ఆనించి వదిలేశారు.

సెంటు బాబు వేరే చోట కర్ర చేయించుకున్నాడని విన్నాం. అక్రోటుదేనట. పిడి మొదట్లో రెండు గీతలు గీయించుకున్నాడట. చూసినవాళ్ళు వాటిని తడిమి, తల్లి మీద అంత ప్రేమ ఉన్న కొడుకు ఉంటాడా అని మెచ్చుకుంటారట. ఈ మాట విన్న రోజు పెద్దామె అన్నం ముందు నుంచి లేచిపోయింది.

పట్టె ఇప్పటికీ గోడకే ఉంది. వాన పడ్డ రోజున తడిసి, ఎవరూ రుద్దకపోయినా, ఆ వాసన దానంతట అదే లేస్తుంది. అలాంటప్పుడు మేము కిటికీలు మూయం. మూయవద్దని అక్క చెప్పింది.

కంపు కంపని గరిటె పట్టుకుని వచ్చిన చిన్నామెను నేనే. మేస్త్రీ పోయి ఆరేళ్ళు. నా పేరు అడిగితే మా వీధిలో నోరున్న చిన్నామె అనే చెప్తారు, అదే రాసుకోండి. వయసు డెబ్భై ఒకటి. ఉండేది దూలానికి మేకులున్న ఆ వెనక గదిలోనే, అక్కతో కలిసి.